రెనిన్ దొరికిన రోజు

ముందే చెప్పేస్తున్నాను, నేను బాగున్నాను. చివరిదాకా గుండె చిక్కబట్టుకొని చదవాల్సిన పని లేదు. మొన్న పొద్దున బీపీ చూసుకుంటే ఏ జబ్బూ లేని మనిషికి ఎంత ఉంటుందో అంతే ఉంది. మిషన్ చేతికి కట్టుకునే ఇల్లంతా తిరిగి అందరికీ చూపించాను. మా పాప సహస్ర "మమ్మీ, పొద్దుగాల చూపించినవ్ గదా" అంది. చూపిస్తే ఏం? మళ్లీ చూడమన్నాను.

నా పేరు రజిత. మాది నల్గొండ దగ్గర ఊరు. పెళ్లయ్యాక బడంగ్‌పేట్‌లో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. మా ఆయన నరేష్ తుర్కయంజాల్‌లో ఒక టైల్స్ గోదాములో పని చేస్తాడు. అత్తమ్మ మాతోనే ఉంటుంది. నేను ఆడవాళ్లకు స్కూటీ నేర్పిస్తాను. ఎల్బీ నగర్ దాటాక ఇంకా ఇళ్లు కట్టని మైదానం ఒకటి ఉంది, అదే నా బడి. పొద్దున ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్. ఈ పనికి ముఖ్యంగా కావాల్సింది గొంతు. "బ్రేక్ పట్టు! కాళ్లు పైకి! ముందుకు చూడు, కింద చూడకు!" అని నేను అరిస్తే రోడ్డు అవతల ఇడ్లీ బండి దగ్గర నిలబడ్డవాళ్లు కూడా ముందుకు చూస్తారు. కోపం కూడా నాకు కొంచెం ఎక్కువే. దాచిపెట్టి లాభం లేదు, ఎందుకంటే జబ్బు మొదలైన రోజు నుంచి నింద మొత్తం ఆ కోపం మీదే పడింది.

ఎండలు ముదిరినప్పుడు

మొదట తల వెనక భాగం బరువెక్కేది. ఎండకేమో అనుకున్నాను. తర్వాత పిక్కలు పట్టేయడం మొదలైంది. నడుస్తూ నడుస్తూ ఆగిపోయేదాన్ని, ఎవరో లోపలి నుంచి తాడు పట్టి గుంజినట్టుండేది. పడుకుంటే చెవిలో నా గుండె నాకే వినిపించేది, హుష్ హుష్ మని. నరేష్‌తో అంటే "ఫ్యాన్ చప్పుడు గది" అన్నాడు. ఫ్యాన్ ఆపాను. ఆగలేదు. చెమట పట్టిందని మళ్లీ ఫ్యాన్ వేసుకొని ఆ సంగతి అక్కడే వదిలేశాను.

ఆ రోజుల్లో నా దగ్గర కృష్ణవేణి ఆంటీ నేర్చుకుంటోంది. గుంటూరు వైపు వాళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో కర్రీ పాయింట్ నడుపుతుంది. చాలా ఏళ్ల కిందటే వచ్చి స్థిరపడినా మాట మాత్రం అక్కడిదే. యాభై దాటాక స్కూటీ ఎందుకు ఆంటీ అంటే, "మార్కెట్‌కి వెళ్లి నా వంకాయలు నేనే ఏరుకొచ్చుకోవాలమ్మా, ఆటోవాడి తొందరకి పుచ్చులొస్తున్నాయి" అంది. కానీ బండి ఎక్కితే భయం. నేను వెనక సీటు కింద కడ్డీ పట్టుకొని పరుగెత్తాలి, పట్టుకున్నానని మాట్లాడుతూనే ఉండాలి.

ఒక సాయంత్రం అలాగే పరుగెడుతున్నాను. ఉన్నట్టుండి మైదానమంతా తెల్లబడింది. ఎండ, మట్టి, ఆంటీ చీర, అన్నీ సున్నం కొట్టినట్టు ఒకే రంగైపోయాయి. చేయి జారింది. కింద కూలబడ్డాను. ఆంటీకి తెలియదు. "వదలకమ్మా, వదలకు!" అంటూ ఒక్కతే మైదానం మొత్తం ఒక చుట్టు తిరిగి, పక్కకు చూడకుండా నా ముందు నుంచే పోయి, ఇసుక కుప్పలో మెత్తగా దిగబడింది. బండి ఆపి, వెనక్కి చూసి, దూరంగా నేలమీద కూర్చున్న నన్ను చూసి చేతులెత్తి అరిచింది.

"రజితా! నువ్వు పట్టుకోలేదా? నేనే నడిపానా?"

"మీరే నడిపిండ్రు ఆంటీ" అన్నాను. అన్నాక వాంతి చేసుకున్నాను.

ఆమె సంబరం అక్కడే ఆగిపోయింది. నన్ను ఆటోలో ఎక్కించుకొని మా కాలనీ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన చేతికి పట్టీ కట్టి బీపీ చూశాడు, నమ్మలేదు. మరో చేతికి కట్టాడు. కాంపౌండర్‌ను పిలిచి పాత పాదరసం మిషన్ తెప్పించాడు. పై అంకె రెండు వందలకు దగ్గరగా ఉంది.

"నీకు ఇంకా ముప్పై రెండేళ్లే గదమ్మా. ఏమన్న టెన్షనా?"

ఏం చెప్పను? టెన్షన్ లేని మనిషి ఎల్బీ నగర్ చౌరస్తాలో ఎవరున్నారు? "ఉంటది సార్" అన్నాను. ఆయన రాసిన మందు తీసుకొని ఇంటికి వచ్చాను.

టెన్షన్ తీసుకోకు

ఆ వారం నుంచి నేను ఎక్కువగా విన్న మాట అదే. పక్కింటివాళ్లు, నా ఆడబిడ్డ, పాలు పోసేవాడు, అందరూ "టెన్షన్ తీసుకోకు" అనేవాళ్లే. అత్తమ్మ మామిడికాయ తొక్కు జాడీని అలమారలో పెట్టి తాళం వేసింది. పప్పులో ఉప్పు మానేసింది, నాకొక్కదానికే కాదు, ఇంటిల్లిపాదికీ. నరేష్ రెండు రోజులు ఓర్చుకున్నాడు, మూడో రోజు కంచం ముందుకు నెట్టి "నాకేమైందని నాకీ చప్పిడి తిండి?" అన్నాడు. అత్తమ్మ "నీ పెండ్లాం కోపానికి అందరం తినాల్నట" అంది.

ఒక మందు రెండైంది, రెండు మూడయ్యాయి. డాక్టర్ మోతాదు పెంచినప్పుడల్లా వారం పాటు కొంచెం తగ్గినట్టే తగ్గి, మళ్లీ పైకి ఎగబాకేది. ఆయన మంచివాడు. "నాకెందుకో ఇది మామూలు బీపీలా అనిపిస్తలేదు, పెద్ద దవాఖానలో కిడ్నీ డాక్టర్‌ను కలవండి" అని చీటీ కూడా రాశాడు. ఆ చీటీ మా ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. కిడ్నీ ఏంది, ఈమె కోపం తగ్గించుకుంటే అయిపోతది గదా అన్నారు.

ఒకరోజు నరేష్‌కూ నాకూ పెద్ద గొడవ జరిగింది. స్కూటీ నేర్పడం మానెయ్యమన్నాడు.

"పొద్దంతా ఎండల ఒర్లుతవ్. ఇంటికొచ్చి గదే గొంతుతోని మామీద ఒర్లుతవ్. బీపీ రాకపోతే ఏమొస్తది?"

"గంతేనా? నేను ఒర్లుడే రోగమా?"

"చూడు, మల్ల ఒర్లుతున్నవ్."

అరిస్తే అదిగో అంటారు, అరవకపోతే ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత నేను మెల్లగా మాట్లాడడం అలవాటు చేసుకున్నాను. మైదానంలో కూడా గొంతు తగ్గించాను. నా మాట వినపడక ఒకమ్మాయి బండిని గోడకు తగిలించింది. ఇంట్లో పాప ఇల్లంతా రంగులు పూసినా నవ్వి ఊరుకున్నాను. దాంతో పాప భయపడి రంగుల డబ్బా తెచ్చి నా చేతికి ఇచ్చేసింది. బీపీ మాత్రం ఇంచు కూడా దిగలేదు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఇంత అణుచుకున్నా తగ్గలేదంటే నా తత్వమే విషం కాబోలు, నేను పుట్టడమే ఇలా పుట్టాను కాబోలు అని మనసులో పడింది. ఆ రెండు నెలల్లో తలనొప్పి కంటే ఆ ఆలోచనే ఎక్కువ నొప్పి పెట్టింది.

బోనాల నెల

మా వాడలో బోనాలు ఎత్తే ఆదివారం పొద్దున అన్నం వండుతుంటే కళ్ల ముందు మబ్బు కమ్మింది. పొయ్యి మీది గిన్నె రెండుగా కనిపించింది. వాంతులు ఆగలేదు. బయట డప్పులు మోగుతుంటే నా తలలో అంతకంటే గట్టిగా మోగుతున్నాయి. నరేష్ నన్ను ఎత్తుకొని ఆటోలో వేశాడు. ఊరేగింపుల వల్ల రోడ్లన్నీ నిండిపోయాయి. కర్మన్‌ఘాట్ దగ్గర మా ఆటో ఆగిపోతే, నెత్తిన బోనం పెట్టుకున్న ఒకామె నన్ను చూసి పక్కకు జరిగి, "దవాఖానకు పోతున్నరు, దారియ్యుండ్రి!" అని కేకేసింది. గుంపంతా రెండుగా చీలింది. ఆమె మొహం నాకు సరిగా కనపడలేదు. ఇప్పుడు ఎదురైనా గుర్తుపట్టలేను.

ఎల్బీ నగర్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చారు. సూది మందుతో బీపీని మెల్లమెల్లగా దించారు. రెండో రోజుకు చూపు తేటపడింది. మూడో రోజు వార్డులోకి ఒక డాక్టరమ్మ వచ్చింది. కిడ్నీ డాక్టర్. చిన్న మనిషి, నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. వచ్చీ రాగానే టెన్షన్ గురించి అడగలేదు. "కాళ్లు గుంజుతున్నయా?" అని అడిగింది.

నేను లేచి కూర్చున్నాను. "మీకెట్ల తెలుసు మేడం?"

"నీ రక్తంలో పొటాషియం తక్కువున్నది. చెవిలో ఏమన్న చప్పుడు?"

"హుష్ హుష్ మంటది. ఫ్యాన్ అన్నరు."

నరేష్ గోడకేసి చూశాడు. డాక్టరమ్మ నన్ను పడుకోమని, బొడ్డుకు కొంచెం పైన, కుడి పక్కన స్టెతస్కోపు పెట్టింది. వార్డులో ఒకటే మాటలు. ఆమె చెయ్యెత్తి "జర ఒక్క నిమిషం చప్పుడు చెయ్యకుండ్రి" అంది. పక్క మంచం వాళ్ల టీవీ కూడా ఆపేశారు. ఆమె కళ్లు మూసుకొని విన్నది. జరిపి మళ్లీ విన్నది. ఆ మొహంలో మెల్లగా నవ్వు వచ్చింది. రోగి పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి నవ్వే డాక్టర్‌ను నేను అంతకు ముందు చూడలేదు.

"ఇను" అని గొట్టాలు తీసి నా చెవుల్లో పెట్టింది.

ముందు ఏమీ వినపడలేదు. తర్వాత వినపడింది. సన్నటి సందులోంచి గాలి దూరినట్టు, నల్లా సగం తిప్పితే నీళ్లు బుసకొట్టుకుంటూ వచ్చినట్టు, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక విసురు.

"రక్తం పోయే దారి ఇరుకైతే గిట్ల మోగుతది" అంది ఆమె. "నీ కుడి కిడ్నీకి పోయే నాళం ఎక్కడనో ఇరుకైనట్టు అనుమానం. పరీక్షలు చేసినంక గట్టిగ చెప్త. కానీ గిదే అయితే, నీ బీపీ నీ తలకాయల నుంచి వస్తలేదు, నీ కిడ్నీల నుంచి వస్తున్నది."

"అంటే నా కోపం...?"

"కోపమా? కోపానికి పొట్టల చప్పుడు రాదు."

నేను ఏడ్చాను. అత్తమ్మ జబ్బు పెద్దదని తెలిసి ఏడుస్తున్నాననుకొని నా తల నిమిరింది. కాదు అత్తమ్మా, సంతోషానికి అని చెప్పాలనుకుంటూనే ఇంకా ఏడ్చాను.

ఆ సాయంత్రం డాక్టరమ్మ మళ్లీ వచ్చి విడమరిచి చెప్పింది. కిడ్నీ మంచిదే, దానికి అందే నెత్తురే తక్కువ. పాపం దానికి ఆ ఒక్క నాళమే లోకం. తనకు తక్కువ అందుతోంది కాబట్టి ఒళ్లంతా నెత్తురు తగ్గిపోయిందని అనుకొని రెనిన్ అనే ఎంజైమును వదులుతుంది. రెనిన్ రక్తంలోకి పోయి, కాలేయం తయారు చేసిన ఒక పెద్ద ప్రోటీన్‌లోంచి చిన్న ముక్క కోస్తుంది. ఆ ముక్క ఇంకొంచెం చెక్కబడి ఒళ్లంతా నాళాలను బిగిస్తుంది, ఉప్పును పట్టి ఉంచుతుంది, పొటాషియాన్ని బయటికి పంపించేస్తుంది. బీపీ పెరిగిపోతుంది. అయినా ఇరుకు దారి ఇరుకే. కిడ్నీకి ఇంకా చాలదు. ఇంకా వదులుతుంది.

నేను డిగ్రీలో జువాలజీ, కెమిస్ట్రీ చదివాను. చదివి చాలా ఏళ్లైంది, స్కూటీలు పట్టుకొని పరుగెత్తడంలో అంతా మట్టికొట్టుకుపోయిందనుకున్నాను. రెనిన్ అనగానే ఎక్కడో తలుపు తెరుచుకున్నట్టైంది. "మేడం, ప్రోటీన్‌ను కోసేటిదంటే ప్రోటియేజా?" అన్నాను. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.

ఫలితం కోసం

రెనిన్ ఎంత ఉందో చూడాలంటే కొన్ని మందులు మార్చి, కొన్నాళ్లు ఆగి రక్తం తీయాలి. ఆ రక్తాన్ని వేరే ల్యాబ్‌కు పంపిస్తారు. నన్ను ఇంటికి పంపారు. ఆ ఎదురుచూపులోనే మా ఇంట్లో పెరుగు ఆగిపోయింది.

నరేష్ ఫోన్‌లో రెనిన్ అని వెతికాడు. ఇంగ్లీషులో రాసేటప్పుడు మధ్యలో ఒక అక్షరం రెండుసార్లు పడింది. పాలను విరగగొట్టే ఎంజైము, దూడల కడుపులో ఉంటుంది, జున్నుగడ్డల తయారీకి వాడతారు అని వచ్చింది. అదే అత్తమ్మకు చదివి వినిపించాడు. అత్తమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో బిడ్డా, కడుపుల పాలు ఇరుగుతున్నయా? గందుకేనా వాంతులు?"

అంతే. పాలు బంద్, పెరుగు బంద్, చాయ్ కూడా నల్లదే. ఉప్పు లేని అన్నంలోకి ఇప్పుడు పెరుగు కూడా లేదు. అది కాదు అది కాదు అని నేను మొత్తుకున్నా, ఫోన్‌లో ఉన్నదాని ముందు నా డిగ్రీ నిలబడలేదు.

నన్ను బతికించింది కృష్ణవేణి ఆంటీ. ఆమె ఇప్పుడు తన బండి మీద తానే తిరుగుతోంది. కర్రీ పాయింట్ నుంచి నాకోసం విడిగా వండిన కూర డబ్బాలో పెట్టుకొని బడంగ్‌పేట్ దాకా వచ్చేది. నువ్వుల పొడి, వెల్లుల్లి, చివర్న నిమ్మకాయ. ఉప్పు లేదని నాలుకకు తెలియడానికి రెండు ముద్దలు పట్టేది. "తినమ్మా. జబ్బు చేసిందని నోరేం పాపం చేసింది?" అనేది. అత్తమ్మ కూడా ఆ కూర రుచి చూసి, గిన్నెలో కొంచెం తీసి పక్కన పెట్టుకుంది.

ఫలితం వచ్చిందని ఫోన్ వస్తే ముగ్గురం పోయాం. కిడ్నీ డాక్టర్ గది, డయాలసిస్ గది పక్కపక్కనే. కుర్చీలన్నీ డయాలసిస్ వాళ్లతో నిండి ఉన్నాయి. వాచిన చేతులు, ఉబ్బి పైకి తేలిన నరాలు. రేపు నేనూ ఇక్కడేనా అనుకుంటూ గోడ పక్కన నిలబడ్డాను. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచి నాకు కుర్చీ ఇచ్చాడు.

"మొదటిసారా బిడ్డా?"

"మీరు కూసోండ్రి తాతా, మీకే కావాలె."

"నేను లోపల పోయి నాలుగు గంటలు పండుకునేటోన్నే. నువ్వు కూసో. ఈడికొచ్చినోళ్లందరికీ ఒకటే రోగం ఉండదు, భయపడకు."

ఆ మాట ఆయన ఎందుకన్నాడో, నా మొహంలో ఏం చూశాడో తెలియదు. మా పేరు పిలిచేదాకా ఆ మాటనే పట్టుకొని కూర్చున్నాను.

డాక్టరమ్మ కాగితం మా వైపు తిప్పింది. "దొరికింది. రెనిన్ ఉండాల్సినదానికంటే శానా ఎక్కువున్నది."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "దొరికిందా!" అని గట్టిగా అరిచాను, మైదానంలో అరిచినట్టు. రెండు నెలల తర్వాత నా అసలు గొంతు బయటికొచ్చింది. తలుపు తీసి నర్సు తొంగిచూసింది.

అత్తమ్మ మాత్రం దిగులుగా అడిగింది. "మరి పాలు ఇరుగుడు ఎట్ల మేడం? పెరుగు బంద్ చేసినం."

డాక్టరమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నరేష్ ఫోన్ చూపించాక తెగ నవ్వింది. నవ్వుతూనే "మీరు తప్పింటికి పోయిండ్రు, కానీ గది చుట్టాలిల్లే" అంది. "పాలు ఇరగగొట్టేది, కిడ్నీల నుంచి వచ్చేది, రెండూ ఒక్క ఖాందాన్. కడుపుల అన్నం అరిగించే పెప్సిన్ గూడ వీళ్లదే. ఆస్పార్టిక్ ప్రోటియేజులంటరు. పెరుగు మంచిగ తినుండ్రి."

ఆ రోజు ఆమె చెప్పినవి, తర్వాత నేను పాత పుస్తకాలు తీసి చదువుకున్నవి ఇప్పటికీ తలుచుకుంటే నాకు కూర్చోబుద్ధి కాదు. ఈ కుటుంబంలో ప్రతిదాని మధ్యలో ఒక లోయ ఉంటుంది, లోయలో రెండు ఆస్పార్టిక్ ఆమ్లాలు ఎదురెదురుగా ఉంటాయి. వాటి మధ్య ఒక్క నీటి అణువు. ఆ నీటితోనే ప్రోటీన్ గొలుసును తెంపుతాయి! పెప్సిన్‌కు పులుపు కావాలి, కడుపులో ఆమ్లం లేకపోతే పని చెయ్యదు, కానీ ఏ ప్రోటీన్ ఎదురైనా వదిలిపెట్టదు. రెనిన్ అలా కాదు. మామూలు నెత్తురులోనే పని చేస్తుంది, ఒళ్లు మొత్తంలో ఒకే ఒక్క ప్రోటీన్‌ను, ఒకే ఒక్క చోట కోస్తుంది. మలేరియా క్రిమి మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌ను నమిలేది ఇలాంటి ఎంజైములతోనే. హెచ్‌ఐవీ వైరస్‌కూ ఒకటి ఉంది. దాన్ని అడ్డుకునే మందులు వచ్చి ఎంతోమంది బతికారు. ముసలితనంలో మతిమరుపు జబ్బుకు సంబంధం ఉందని చెప్పే మెదడు ఎంజైము కూడా ఈ ఖాందానే. నా కడుపులో మజ్జిగన్నం అరిగించేదీ, నా నెత్తుటిని ఉరికించేదీ అక్కచెల్లెళ్లని తెలిసి, ఆ రోజే మెట్రో దగ్గరి ఆటోల దాకా నడుస్తూ నరేష్‌కు అంతా మళ్లీ చెప్పాను. ఆయన "ఊఁ" అంటూనే ఉన్నాడు. ఎల్బీ నగర్ మెట్రో మెట్ల దగ్గర ఆగిపోయి, నా వైపు చూడకుండా అన్నాడు.

"గన్ని రోజులు నీ కోపం నీ కోపం అన్న. ఏం అనుకోకు."

"అనుకున్న. శానా అనుకున్న" అన్నాను.

"సరే" అన్నాడు. నా చేతిలోని సంచీ తీసుకున్నాడు.

బెలూన్

స్కానింగులో ఇరుకు బయటపడింది. కుడి కిడ్నీకి పోయే నాళం నున్నగా లేదు, పూసలు గుచ్చినట్టు ఉబ్బుతూ సన్నబడుతూ ఉంది. కొవ్వు పేరుకోవడం వల్ల కాదు, నాళం గోడే అలా పెరిగింది. నా వయసు ఆడవాళ్లలో కనిపించే జబ్బేనట. ఎందుకు వస్తుందో ఇంకా సరిగా తెలియదట. తొడ మొదట్లోంచి సన్నటి తీగ పంపి, ఇరుకు దగ్గర చిన్న బెలూన్ ఊదితే దారి తెరుచుకుంటుందన్నారు. నాళం చిరిగే ప్రమాదం కొంచెం ఉంటుందని, బీపీ పూర్తిగా తగ్గుతుందని మాట ఇవ్వలేమని కూడా చెప్పారు. చెయ్యకపోతే ఆ కిడ్నీ మెల్లగా ముడుచుకుపోవచ్చు, ఈలోపు ఆ బీపీకి తలలో నరం చిట్లవచ్చు.

తీసుకుపోయే ముందు పాప నా చెయ్యి వదల్లేదు. "మమ్మీ, బెలూన్ పగిలితే?" అంది. ఆ ప్రశ్న నాకూ ఉంది. కృష్ణవేణి ఆంటీ దాన్ని ఒళ్లోకి తీసుకొని, "అది పుట్టినరోజు బెలూన్ కాదే పిచ్చిపిల్లా, చాలా గట్టిది" అంది. గట్టిదో కాదో ఆమెకేం తెలుసు? అయినా పాప నమ్మింది. పాప నమ్మితే నేనూ నమ్మాను.

మత్తు తొడ దగ్గరే ఇచ్చారు. మెలకువగానే ఉన్నాను. గది చల్లగా ఉంది, పళ్లు కొట్టుకుంటుంటే ఒక నర్సు వెచ్చటి దుప్పటి తెచ్చి భుజాల మీద కప్పింది. పక్కన తెర మీద నా లోపలి నాళాలు నల్లటి కొమ్మల్లా కనిపించాయి. అందరూ కళ్లు మూసుకుంటారట. నేను మెడ తిప్పి చూస్తూనే ఉన్నాను. డాక్టర్ "ఇప్పుడు కొంచెం నొప్పుంటదమ్మా" అన్నాడు. నడుము పక్కన ఎవరో బొటనవేలితో లోపలికి ఒత్తినట్టు మొద్దు నొప్పి లేచింది. పెరిగింది. భయపడ్డాను. అంతలోనే పోయింది. మళ్లీ రంగు మందు వదిలారు. తెర మీద ఆ కొమ్మ చివరిదాకా ఒక్కసారిగా నల్లగా నిండింది, పొలంలోకి కాలువ విడిచినప్పుడు నీళ్లు పారినట్టు. నేను చెయ్యి కూడా కదపకూడదు, లేకపోతే చప్పట్లు కొట్టేదాన్ని.

సాయంత్రానికి నర్సు బీపీ చూసి రాసుకొని పోబోతుంటే అత్తమ్మ ఆపింది. "మిషన్ ఖరాబైనట్టుంది, మల్ల చూడు బిడ్డా." మళ్లీ చూసింది. అదే అంకె. ఇంకో మిషన్ తెచ్చింది. అదే. చివరికి అత్తమ్మ తన చేతికే కట్టమంది, మిషన్ సరిగ్గానే ఉందని ఒప్పుకొని కుర్చీలో కూలబడింది. నా కాలు కదపకూడదని చెప్పారు కాబట్టి నేను అలాగే కప్పు చూస్తూ నవ్వుతూ పడుకున్నాను. పిక్కలు పట్టేయలేదు. నిద్ర పట్టింది.

ఇప్పుడు

అన్నీ తీరిపోయాయని చెప్పను. మెడ నాళాల్లో కూడా కొంచెం ఆ పూసల పోలిక ఉందట. చెవిలో చప్పుడు దానివల్లే కావచ్చన్నారు, అప్పుడప్పుడు ఇంకా వినిపిస్తుంది. ఏటా స్కానింగు చేయించుకోవాలి. కిడ్నీ నాళం మళ్లీ ఇరుకు కావచ్చు. మూడు బీపీ మందుల్లో రెండు పోయాయి, ఒకటి మిగిలింది, నెత్తురు పలచగా ఉంచేది ఒకటి కలిసింది. ఆ రోజుల భయం కూడా పూర్తిగా పోలేదు. తల వెనక కొంచెం బరువనిపిస్తే చెయ్యి మిషన్ దగ్గరికి పోతుంది.

కానీ మైదానానికి మళ్లీ పోతున్నాను. అరుస్తున్నాను కూడా. మొన్న నీళ్ల ట్యాంకర్ వాడు మా వంతు దాటేసి పోతే గేటు దగ్గర నిలబడి అరగంట కొట్లాడాను. ఇంట్లోకి రాగానే నరేష్ మిషన్ తెచ్చి కట్టాడు. గుండె వేగంగా కొట్టుకుంటోంది గానీ బీపీ కొంచెమే పెరిగింది, చాయ్ చల్లారేలోపు దిగిపోయింది. "కోపం నీదే గదా?" అన్నాడు. "నాదే" అన్నాను.

ఈ మధ్య చూపించుకోవడానికి పోయినప్పుడు అత్తమ్మ కూడా వచ్చింది. మా పక్క కుర్చీల్లో చౌటుప్పల్ వైపు నుంచి వచ్చిన తల్లీ కూతురూ కూర్చున్నారు. కూతురికి ఇరవై ఏడెనిమిది ఉంటాయి. రుమాలు నుదుటికి గట్టిగా కట్టుకొని నేలకేసి చూస్తోంది. తల్లి ఎవరూ అడగకముందే మొదలుపెట్టింది.

"బీపీ ఒచ్చిందమ్మా ఈ వయసుల. ప్రతిదానికి కయ్యిమంటది. టెన్షన్ తీసుకోకే అంటే ఇనదు."

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ కుర్చీ అటు తిప్పింది.

"కోపం అనకమ్మా. నేను గూడ గట్లనే అన్న, నా కోడల్ని ఏడిపించిన. లోపల ఎంజైం ఉంటదట, రెనిన్ అని. కిడ్నీకి నెత్తురు అందకపోతే గది లేస్తది. నీ బిడ్డకు గదే ఉన్నదని నేనంటలేను. ఉన్నదో లేదో చూసినంకనే కోపం సంగతి మాట్లాడు. పొట్ట మీద మిషన్ పెట్టి ఇనుమను డాక్టరమ్మను. పెరుగు మాత్రం బంద్ చెయ్యకు, గది వేరే."

ఆ అమ్మాయి తలెత్తింది. ముందు అత్తమ్మను, తర్వాత నన్ను చూసింది.

"అక్కా, మీకు గూడ తల గిట్లనే నొస్తుండెనా?"

"గిట్లనే" అన్నాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకున్నది ఏ జబ్బో నాకు తెలియదు. కానీ రోగానికీ స్వభావానికీ మధ్య సందు ఉండవచ్చని ఆమెకు మొదటిసారి ఎవరో చెప్పారని మాత్రం తెలిసింది.

లోపలి నుంచి మా పేరు పిలిచారు. నేను లేచాను, నరేష్ లేచాడు. అత్తమ్మ లేవలేదు.

"మీరు పోయి రాండ్రి" అంది, ఆ తల్లి చెయ్యి పట్టుకునే. "నేను గీమెకు ఇంకా చెప్పేదున్నది."